డయాలసిస్ రోగులకు రక్తపోటు - ఆయుష్షు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, చదువు ముచ్చట వచ్చే ఏడు చూద్దాం. మన వాళ్లల్ల మిషను మీదికి పోయేటోళ్లు ఎక్కువైన్రు. వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుండ్రి" అన్నారు. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు, సామాన్య శాస్త్రం చెప్పేవాడిని. కాబట్టి మాత్రల పేర్లు రాసిచ్చే పని నాది కాదు, అది మీ డాక్టరు గారిది. నేను చేయగలిగింది లెక్క చెప్పడం. ఈ జబ్బులో సగం సంగతి లెక్కే అని నా అభిప్రాయం.

మొదటి లెక్క ఇది. వారానికి 168 గంటలు. అల్లాహ్ ఇచ్చిన మూత్రపిండాలు ఆ 168 గంటలూ పని చేస్తాయి. రక్తంలోని మలినాన్ని తీస్తాయి, ఎక్కువైన ఉప్పును, నీటిని బయటికి పంపుతాయి. అవి పాడైన మనిషికి మిషను ఆ పని చేస్తుంది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, మొత్తం 12 గంటలు. మన జిల్లాలలో చాలామంది రెండుసార్లే పోతున్నారు. అంటే 8 గంటలు. 168 గంటల పని 8 గంటలలో చేయమంటున్నాం. నూటికి అయిదు గంటలు కూడా కాదు. మిగిలిన 160 గంటలు తాగిన నీళ్లు, తిన్న ఉప్పు ఎక్కడికి పోవాలె? మూత్రం రాని మనిషికి అవి ఒంట్లోనే ఉంటాయి. కాళ్లల్లోకి వస్తాయి, ఊపిరితిత్తులలోకి వస్తాయి. అంతకంటె ముందు రక్తనాళాలలో నిండి రక్తపోటును పెంచుతాయి. డయాలసిస్ రోగి బీపీకి పెద్ద కారణం ఇదే. పాడైన మూత్రపిండం నుంచి పుట్టే కొన్ని రసాయనాలు రక్తనాళాలను బిగించడం కూడా ఉంది కాని, ఎక్కువమందిలో మొదటి నేరస్థులు ఉప్పు, నీరు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. హాలెండులో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు 1943లో, యుద్ధం జరుగుతుండగా, మాంసం సాసేజీలకు వాడే సెలోఫేను గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి మొదటి కృత్రిమ మూత్రపిండం తయారు చేశాడు. అది కొన్ని రోజుల అవసరానికి మాత్రమే పనికొచ్చేది. ఏళ్ల తరబడి బతికించే డయాలసిస్ 1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్ నగరంలో మొదలయింది. బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతి రక్తనాళాలకు టెఫ్లాన్ గొట్టం అమర్చి, దాన్ని అట్లాగే ఉంచి, మళ్లీ మళ్లీ మిషనుకు కలపవచ్చునని చూపాడు. ఆ మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ అనే కార్మికుడు. అతని రక్తపోటు ప్రాణం మీదికి తెచ్చేంత తీవ్రంగా ఉండేది. దాన్ని దించింది ముఖ్యంగా మాత్రలు కావు. తిండిలో ఉప్పు తగ్గించడం, మిషను మీద ఎక్కువ నీరు లాగడం, ఈ రెండే. ఆయన 1971 వరకు, అంటే 11 ఏళ్లు బతికాడు. మొదటి రోజే కనబడిన పాఠాన్ని తరువాత వచ్చిన మంచి మంచి మాత్రల వెలుగులో లోకం కొంత మరిచిపోయిందనిపిస్తుంది.

మరువనివాళ్లు ఫ్రాన్సులో ఉన్నారు. లియాన్ నగరం దగ్గర తాసాన్ అనే చిన్న ఊరు. అక్కడి డాక్టర్లు సారికి నాలుగు గంటలు కాదు, ఎనిమిది గంటలు, వారానికి మూడుసార్లు మెల్లమెల్లగా డయాలసిస్ చేసేవాళ్లు. తిండిలో ఉప్పు బాగా తగ్గించేవాళ్లు. బెర్నార్ శార్రా అనే డాక్టరు, ఆయన సహచరులు 445 మంది రోగుల లెక్క 1992లో ప్రకటించారు. అయిదేళ్లకు నూటికి 87 మంది, పదేళ్లకు 75 మంది, ఇరవై ఏళ్లకు 43 మంది జీవించి ఉన్నారు. ఇరవై ఏళ్లు! దాదాపు అందరికీ బీపీ మాత్రలు ఆపివేసినా రక్తపోటు మామూలుగానే ఉండేది. అక్కడి రోగులు వేరు, మన రోగులు వేరు, షుగరు జబ్బుతో వచ్చినవాళ్లు మన దగ్గర ఎక్కువ అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కాని ఆ డాక్టర్లు పెట్టిన పట్టు రెండు వస్తువుల మీద, సమయం, ఉప్పు. సమయం మన చేతిలో లేదు, మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఉప్పు మన వంటింట్లోనే ఉంది.

ఇప్పుడు ఒక చిక్కు విషయం చెప్తాను, జరా గమనించండి. మామూలు మనిషికి బీపీ ఎంత తగ్గితే గుండెకు, మెదడుకు అంత మేలని డాక్టర్లు చెప్తారు. డయాలసిస్ రోగుల దగ్గర ఈ సూత్రం తిరగబడ్డట్టు కనిపించింది. 1998లో అమెరికాలో 5,433 మంది డయాలసిస్ రోగుల లెక్క తీస్తే, డయాలసిస్ అయిన తరువాత పై అంకె 180 దాటినవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువ. సరే, అది తెలిసిందే. కాని 110 కంటె తక్కువున్నవాళ్లలో కూడా ఎక్కువే! కాగితం మీద గీస్తే ఇంగ్లీషు 'యు' అక్షరం లాగా వచ్చింది. అటు ఎక్కువ, ఇటు ఎక్కువ, నడుమ తక్కువ.

ఇది విని కొందరు "బీపీ ఎక్కువుంటేనే మంచిదట" అని మాత్రలు పారేస్తున్నారు. ఇది తప్పు. మా తరగతిలో ఒక ఉదాహరణ చెప్తుంటాను. బడికి గొడుగు తెచ్చిన పిల్లలే ఎక్కువగా తడిసి వచ్చారనుకోండి. గొడుగు వల్ల తడిశారా? వాన పడ్డది కాబట్టి గొడుగు తెచ్చారు, వాన పడ్డది కాబట్టే తడిశారు. అట్లాగే గుండె బలహీనమైపోయిన మనిషికి రక్తపోటు తనంతట తానే పడిపోతుంది. తిండి సహించక ఒళ్లు చిక్కినవాళ్లకూ పడిపోతుంది. వాళ్లు చనిపోయేది ఆ గుండె వల్ల, ఆ నీరసం వల్ల. తక్కువ బీపీ చాలావరకు దానికి గుర్తు. ఎక్కువ బీపీ చేసే హాని మాత్రం నెమ్మదిగా జరుగుతుంది, ఏళ్ల మీద గుండె కండరాన్ని మందం చేస్తుంది. ఒకటి రెండేళ్ల లెక్క చూస్తే తక్కువ బీపీ వాళ్లే ముందు కనిపిస్తారు. పదేళ్ల లెక్క చూస్తే ఎక్కువ బీపీ చేసిన పని బయటపడుతుంది. అందుకని మందు మార్చకుండానే బీపీ కొన్ని వారాలుగా పడిపోతూ ఉంటే సంతోషించి ఊరుకోవద్దు. గుండె పరీక్ష చేయించమని డాక్టరు గారిని అడగండి.

అసలు ఏ బీపీని లెక్కలోకి తీసుకోవాలె? సెంటరుకు పోగానే సిస్టరు చూసే బీపీ, దిగేటప్పుడు చూసే బీపీ, రెండూ అవసరమే, మిషను నడపడానికి. కాని అవి రోగి అసలు స్థితిని సరిగా చెప్పవు. ఎక్కేముందు ఒంటినిండా నీరుంటుంది, బస్సు దిగి ఉరికొచ్చిన అలసట ఉంటుంది. దిగేటప్పుడు నీరంతా లాగేసి ఉంటుంది. నడుమ ఉన్న రోజులలో, ఇంట్లో, పొద్దున సాయంత్రం చూసిన బీపీ నిజానికి దగ్గరగా ఉంటుంది. డయాలసిస్ లేని రోజులలో అట్లా ఒక ఆరు రోజులు చూసి సగటు తీస్తే, అది 135/85 లేదా అంతకు మించితే ఎక్కువ కింద లెక్క. చూసే పద్ధతి కూడా ఉంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలె. వీపు ఆనించాలె, పాదాలు నేలమీద ఉండాలె. అర్ధగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. నోటు పుస్తకంలో తేదీ, అంకెలు, బరువు రాసుకోవాలె. చదువు రాని అమ్మీ ఇంట్లో ఉంటే ఆరో తరగతి పిల్లవాడు రాస్తాడు. ఇంతకంటె మంచి హోంవర్కు నేను ఇవ్వలేను.

బరువు అన్నాను కదా. సెంటరులో 'డ్రై వెయిట్' అనే మాట వింటుంటారు. పొడి బరువు అంటే ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు. రెండు డయాలసిస్‌ల నడుమ పెరిగిన బరువు కండ కాదు, కొవ్వు కాదు, నీరు. ఒక లీటరు అంటే ఒక కిలో. మరి ఆ నీరు ఎందుకు తాగుతాడు మనిషి? దాహం వేస్తే తాగుతాడు. దాహం ఎందుకు? ఉప్పు వల్ల. ఒంట్లోని నీటికి తగిన ఉప్పదనం ఉండాలె కాబట్టి, సుమారు 8 గ్రాముల ఉప్పు తింటే ఒక లీటరు నీరు తాగేదాకా దాహం తీరదు. మనదేశంలో మామూలుగా తినే ఉప్పు రోజుకు 8 గ్రాములు దాటే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అంటున్నది. మూడు రోజుల ఎడం ఉన్న రోగి రోజుకు 8 గ్రాములు తింటే మూడు లీటర్లు, మూడు కిలోలు. "నీళ్లు తాగకు, నీళ్లు తాగకు" అని ఇంటిల్లిపాది రోగి వెంటపడతారు. ఉప్పు కూర ముందర పెట్టి నీళ్ల గ్లాసు గుంజుకోవడం జులుం కదా?

మా ఆపా ఇంట్లో ఇదే జరిగింది. మా దూలేభాయికి మూడేళ్ల నుంచి డయాలసిస్. ప్రతిసారి నాలుగు కిలోలు పెంచుకొని పోయేవారు. ఆపాకు ఉప్పు తగ్గించమని చెప్తే కండ్లనీళ్లు పెట్టుకుంది. "పెండ్లయి ముప్పై ఏండ్లాయె, చప్పటి కూర ఆయన పళ్లెంల ఎప్పుడన్న పెట్టిన్నా? ఉన్న నాలుగు రోజులు రుచిగ తిననీ" అన్నది. నాకు అప్పుడు తోచిన మాట చెప్పాను. ఆపా, నాలుగు రోజులు ఎందుకంటవు, నలభై నెలలు ఎందుకనవు? ఆమె ఒక ఉపాయం చేసింది. కూర మొత్తం ఉప్పు లేకుండా వండి, మిగతావాళ్లు పళ్లెంలో వేసుకోవడం మొదలుపెట్టారు. దూలేభాయికి అల్లం, వెల్లుల్లి, మిరియం, కొత్తిమీర, కొద్దిగా నిమ్మరసం. మన జొన్నరొట్టె సంగతి చూడండి, దాంట్లో ఉప్పు వేసే అలవాటే లేదు. పాలమూరు ముసలోళ్లు తిన్న తిండి ఈ జబ్బుకు బేకరీ బన్ను కంటె ఎన్నో రెట్లు నయం. చేటు చేసేవి మామిడి తొక్కు, అప్పడాలు, ఎండుచేపలు, మిక్చరు, హోటలు సాలను, ఉప్పు బిస్కెట్లు. నెల తిరిగేసరికి దూలేభాయి పెంచుకొనిపోయే బరువు రెండు కిలోలకు దిగింది. రెండు మూడు వారాలలో నాలుక చప్పదనానికి అలవాటు పడుతుందని ఆయనే చెప్తున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. దుకాణాలలో 'లో సోడియం' ఉప్పు అని అమ్ముతున్నారు. బీపీ ఉన్నవాళ్లకు మంచిదని డబ్బా మీద ఉంటుంది. దాంట్లో సోడియం బదులు పొటాషియం వేస్తారు. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. డయాలసిస్ రోగి ఇంట్లోకి ఆ డబ్బా రానే వద్దు.

నాలుగు కిలోలు తెచ్చుకుంటే ఏమైతది, మిషను తీసేస్తది కదా అని అడిగేవాళ్లున్నారు. తీస్తది. కాని ఎంత వేగంగా తీస్తున్నామన్నది ముఖ్యం. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటి నీరు లాగినవాళ్లలో మరణాలు ఎక్కువని 2011లో తేలింది. 60 కిలోల మనిషికి గంటకు 780 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు మూడు లీటర్ల పైచిలుకు. అంతకంటె ఎక్కువ లాగితే రక్తనాళాలలో నీరు తరిగిపోయి, కండరాలలోంచి కొత్త నీరు వచ్చి చేరేలోపల బీపీ ధభాలున పడిపోతుంది. కళ్లు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండెకు రక్తం చాలదు. "సిస్టర్, ఇగ తీసెయ్యుండ్రి" అని మూడు గంటలకే దిగిపోతారు. నీరు పూర్తిగా పోలేదు. ఇంటికొచ్చేసరికి బీపీ 180. డాక్టరు ఇంకో మాత్ర పెంచుతాడు. ఆ మాత్ర మింగి పోతే వచ్చేసారి మిషను మీద బీపీ ఇంకా తొందరగా పడిపోతుంది, ఇంకా ముందే దిగుతారు. ఈ గానుగలో తిరిగే రోగులను నేనే నలుగురిని ఎరుగుదును. 2009లో అమెరికాలో 150 మంది బీపీ రోగులను తీసుకొని, కొందరికి మాత్రలు పెంచకుండా పొడి బరువునే మెల్లగా ఒక కిలో దాకా తగ్గించి చూశారు. రెండు నెలలకు రెండో జట్టుతో పోలిస్తే పై అంకె ఆరేడు పాయింట్లు ఎక్కువ దిగింది. ఒక మాత్ర చేసే పని ఒక కిలో నీరు చేసింది.

మాత్రలు వద్దనడం లేదు. కావలసినవాళ్లకు కావలసిందే. 2014లో 200 మందికి రెండు రకాల మాత్రలు ఇచ్చి పోల్చితే, అటెనొలాల్ తీసుకున్నవాళ్లకు లిసినోప్రిల్ వాళ్లకంటె గుండె ప్రమాదాలు తక్కువ వచ్చాయి. అయితే ఎవరికి ఏది పడుతుందో డాక్టరు చూడాలె, పక్క మంచం రోగి మాత్ర అడిగి తెచ్చుకోవద్దు. ఇంకొకటి, ఈ రెండు మాత్రలూ డయాలసిస్‌లో కొంత కడుక్కుపోతాయి. డయాలసిస్ రోజు ఏ మాత్ర ముందు, ఏది తరువాత అనేది చీటీ మీద రాయించుకోండి.

ఎడం గురించి చెప్పాలె. 2011లో అమెరికాలో 32 వేల మంది రోగుల మీద వచ్చిన లెక్క ప్రకారం వారంలో పెద్ద విరామం, అంటే రెండు రోజుల విరామం తరువాతి రోజున చావులు మిగతా రోజులకంటె ఎక్కువ. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ల సంగతి అది. రెండుసార్లు పోయే మనవాళ్లు పండుగకో, దావతుకో ఒకటి ఎగ్గొడితే వారం రోజుల ఎడం వస్తుంది. ఈద్ నాడు తారీఖు పడితే ముందే సెంటరుకు చెప్పి మార్పించుకోండి, మానవద్దు.

రంజాను గురించి చాలామంది అడుగుతున్నారు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు మన దీన్‌లోనే ఉంది, ఫిద్యా సంగతి ఉలేమాను అడగండి. నేను చెప్పేది ఇఫ్తారు పళ్లెం గురించి. ఖర్జూరం, అరటిపండు, బత్తాయి రసం, అన్నీ పొటాషియం. హలీం, పకోడీలు, సమోసా, అన్నీ ఉప్పు. వాటి మీద రెండు గ్లాసుల షర్బత్. రోజా ఉండని రోగి కూడా అందరితో కూర్చొని ఇవే తింటాడు. ఒక ముక్క ఖర్జూరంతో ఆచారం తీరుతుంది. మన సంఘం పంచే రేషను సంచులలో ఊరగాయ సీసా ఉంటున్నది. డయాలసిస్ ఇండ్లకు పోయే సంచిలో ఆ సీసా తీసి, ఆ పైసలకు అల్లం వెల్లుల్లి పెట్టమని కమిటీకి మనవి.

సౌకర్యాల విషయంలో మనం పూర్తిగా దురదృష్టవంతులం కాము. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2014లో ప్రభుత్వ డయాలసిస్ కావాలంటే హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్ తప్ప దిక్కు లేదు. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి అర్ధరాత్రి బయలుదేరినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. 2023 నాటికి రాష్ట్రంలో కేంద్రాలు వంద దాటాయని ప్రభుత్వ లెక్క. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో సర్కారు దవాఖానాలోనే మిషన్లు వచ్చాయి. 2022లో ఆసరా పింఛను కూడా డయాలసిస్ రోగులకు వర్తింపజేశారు. దారి దగ్గరైంది కాబట్టి మూడోసారికి కూడా అవకాశం అడగవచ్చు. చాలామంది అడగడమే లేదు.

నల్లగొండ వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. మన నీళ్లలో ఫ్లోరైడు కదా, ఆ నీళ్లతో రక్తం కడిగితే ఏం గాను? ప్రశ్న మంచిదే. ఒక్కసారి డయాలసిస్‌కు రోగి రక్తం పక్కనుంచి సుమారు 120 లీటర్ల ద్రవం పారుతుంది. 1993లో చికాగోలో నీటిశుద్ధి పరికరం చెడి ఫ్లోరైడు రక్తంలోకి పోయి ముగ్గురు రోగులు చనిపోయారు. అందుకే ప్రతి సెంటరులో ఆర్‌వో ప్లాంటు ఉంటుంది, అది ఫ్లోరైడును కూడా తీసేస్తుంది. ఆ ప్లాంటు నీటి పరీక్ష ఎప్పుడు చేశారో చూపమని అడిగే హక్కు మనకున్నది. మర్యాదగా అడగండి, చూపిస్తారు.

కమిటీ వారు ఈ ఏడు వేదిక అలంకరణ ఖర్చు తగ్గించి నాలుగు బీపీ మిషన్లు, నాలుగు బరువు తూచే మిషన్లు కొన్నారు. అవి అలమారలో పెట్టడానికి కాదు. మహల్లాకు ఒకటి చొప్పున మా పదో తరగతి పిల్లల దగ్గర ఉంటాయి, వాళ్లు ఇంటికి వచ్చి చూసి పుస్తకంలో రాస్తారు. ఈ రోజు సభ అయినంక వరండాలో బల్ల వేసి కూర్చుంటారు. డయాలసిస్ రోగులు ముందు రండి, వాళ్లను తీసుకొచ్చినవాళ్లు కూడా చూపించుకోండి, వాళ్లలో ఎందరికి బీపీ ఉందో వాళ్లకే తెలియదు. ఫిస్టులా చేసిన చేతికి పట్టీ కట్టనివ్వొద్దు, ఆ చేతికి సూది గాని, బరువు సంచి గాని వద్దు. పిల్లలకు చెప్పి ఉంచాను, అయినా మీరు కూడా చెప్పి, రెండో చేయి చాపండి.